సంక్రాంతికి ఊరు వెళితే నాలుగు నెలల వ్యాయామం వృథా అవుతుందా?

మీరు రాసినదాన్ని ముందు ఒకసారి చెప్పుకుంటాను, నేను సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో మీకూ తెలుస్తుంది. మీకు ముప్పై ఆరేళ్లు. హైదరాబాద్‌లో ఉద్యోగం, ఇద్దరు పిల్లలు. ఆగస్టు నెలాఖరున మొదలుపెట్టి వారానికి ఐదు రోజులు నడుస్తున్నారు, మూడు రోజులు డంబెల్స్‌తో బలం పెంచే వ్యాయామాలు చేస్తున్నారు. ఆరు కిలోలు తగ్గారు. జనవరి 10న పిల్లలతో భీమవరం దగ్గర అత్తగారి ఊరు వెళ్లి 18న తిరిగి వస్తారు. నిరుడు దసరాకు ఇలాగే వెళ్లినప్పుడు ఆగిన నడక పది నెలల దాకా మళ్లీ మొదలు కాలేదు, ఈసారీ అదే జరుగుతుందేమోనని మీ భయం. "అరిసె ఒక్కటి కూడా ముట్టకూడదని ఒట్టు పెట్టుకున్నాను, అది నిలబెట్టుకునే మార్గం చెప్పండి" అన్నారు. చివర్లో, షుగర్ ఉన్న మామగారిని తోడు తీసుకుని నడవవచ్చా అని అడిగారు.

ముందుగా ఆ ఒట్టు తీసి గట్టుమీద పెట్టండి.

నేను పదేళ్లు బడిలో వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేశాను. తర్వాత పదకొండేళ్లుగా రాజమహేంద్రవరంలో ఆడవాళ్లకు వ్యాయామం నేర్పిస్తున్నాను. సంక్రాంతికి ముందు నా దగ్గర ఉండి, సంక్రాంతి తర్వాత కనిపించకుండా పోయేవాళ్లను ప్రతి ఏడూ చూస్తాను. వాళ్లలో చాలామంది నిర్లక్ష్యంగా వెళ్లినవాళ్లు కాదు. మీలాగే గట్టిగా ఒట్టు పెట్టుకుని వెళ్లినవాళ్లు. భోగి నాడు అత్తగారు ప్రేమగా చేతిలో పెట్టిన బొబ్బట్టు కాదనలేక తింటారు. అంతే, "ఒట్టు పోయింది, ఇంక ఈ పండగకు ఇంతే" అనుకుంటారు. ఆ మాట మీద మిగిలిన రోజులు గడిచిపోతాయి. ఊరి నుంచి వచ్చాక నాకు మొహం చూపించడానికి సిగ్గుపడి ఒక వారం ఆగుతారు. ఆ వారం నెల అవుతుంది. మొత్తం వ్యవహారంలో బొబ్బట్టు చేసిన నష్టం బొబ్బట్టంతే. మిగిలినదంతా ఒట్టు చేసింది.

మీ నిరుటి సంగతే చూడండి. మీ ఉత్తరంలో మీరే రాశారు: దసరాకు తొమ్మిది రోజులు ఊళ్లో ఉన్నారు, వచ్చాక "దీపావళి అయ్యాక చూద్దాం" అనుకున్నారు, తర్వాత కార్తీక మాసం ఉపవాసాలు, వనభోజనాలు, ఆ తర్వాత పిల్లల పరీక్షలు, సంక్రాంతి, మాఘమాసంలో ఇద్దరు బంధువుల పెళ్లిళ్లు, ఎండాకాలం. మన పంచాంగంలో ఖాళీ నెల ఎక్కడుంది? వినాయక చవితితో మొదలైతే ఉగాది దాకా ఏదో ఒకటి ఉంటూనే ఉంటుంది. "పండగ అయ్యాక" అనే రోజు రాదు. అందుకని మీ వ్యాయామం ఆగింది దసరా తొమ్మిది రోజుల్లో అని నేను ఒప్పుకోను. అది ఆగింది మీరు హైదరాబాద్‌లో దిగిన మర్నాడు పొద్దున. ఆ పొద్దున్నే మనం కాపాడుకోవాలి.

ఒక్కరోజు తప్పినంత మాత్రాన అలవాటు చెడదని నేను ఓదార్పుకు చెప్పడం లేదు. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని తీసుకుని, కొత్త అలవాటు ఒకటి ఎంచుకుని రోజూ ఒకే సందర్భంలో చేయమని చెప్పి, అది ఎన్నాళ్లకు ఆలోచన లేకుండా జరిగిపోతుందో పరిశీలించారు. 2010లో అచ్చయిన ఆ పరిశోధనలో సగటు మనిషికి 66 రోజులు పట్టింది. కొందరికి 18 రోజులే, కొందరికి 254 రోజుల దాకా పట్టవచ్చని లెక్క తేలింది. అందులో నాకు అన్నిటికంటే విలువైనదిగా అనిపించే విషయం వేరే ఉంది: మధ్యలో ఒకసారి తప్పిపోయినా అలవాటు ఏర్పడే తీరు పెద్దగా మారలేదు. మీరు నాలుగు నెలలకు పైగా చేశారు. పొద్దున లేవగానే కాళ్లు బూట్ల వైపు వెళ్లే స్థితికి ఇప్పటికే వచ్చి ఉంటారు. అయితే ఆ అలవాటు మీ ఇంటికి, మీ అలారానికి, గుమ్మం పక్కనున్న మీ బూట్లకు ముడిపడి ఉంది. ఊరు వెళ్లగానే ఆ గుర్తులు ఒక్కటీ ఎదురుపడవు. కోరిక తగ్గలేదు, గుర్తుచేసేదే లేకుండా పోయింది. దీన్ని బద్ధకం అనుకుని తమను తాము తిట్టుకునేవాళ్లను చూస్తే నాకు బాధ కలుగుతుంది.

ఇక బరువు సంగతి. ఇక్కడ లెక్క చేసి చూపిస్తాను, ఎందుకంటే భయం లెక్క వేయనంతకాలమే పెద్దదిగా ఉంటుంది.

ఒంట్లో కిలో కొవ్వు పేరుకోవాలంటే ఖర్చుకు మించి సుమారు 7,700 కేలరీలు తినాలి. భోగి, సంక్రాంతి, కనుమ, ముక్కనుమ, ఈ నాలుగు రోజులూ మీరు మనసారా తిని, రోజుకు వెయ్యి కేలరీలు అదనంగా పడ్డాయనుకుందాం. నాలుగు వేలు. అంటే అర కిలో కొవ్వు. అంతకు మించి కాదు. ఇప్పుడు రెండో లెక్క చూడండి. తిరిగి వచ్చేటప్పుడు అత్తగారు స్టీలు డబ్బా నిండా అరిసెలు, ఇంకో డబ్బాలో జంతికలు, సున్నుండలు సర్ది ఇస్తారు. మధ్యస్థంగా ఉన్న అరిసె ఒకటి యాభై గ్రాములుంటుంది. బియ్యప్పిండి, బెల్లం, పీల్చుకున్న నూనె అన్నీ కలిపితే సుమారు 200 కేలరీలు. పిండి పదార్థం గ్రాముకు 4 కేలరీలైతే నూనె గ్రాముకు 9, అందుకే చూడటానికి చిన్నదైనా లెక్కకు పెద్దది. సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చి టీతో ఒకటి, రాత్రి వంటింట్లో నిలబడి ఇంకొకటి, ఇలా రోజుకు రెండు. ఇరవై రోజుల్లో నలభై అరిసెలు, ఎనిమిది వేల కేలరీలు. కిలోకు పైమాటే. అదీ పండగ లేని రోజుల్లో, ఎవరూ బలవంతపెట్టకుండా, చాలాసార్లు రుచి కూడా గమనించకుండా తిన్నది.

నాలుగు రోజుల పండగ కంటే ఇరవై రోజుల డబ్బా ఎక్కువ. నేను ఇన్నేళ్లలో నేర్చుకున్న విషయాల్లో ఇది ముఖ్యమైనది. అందుకే అరిసె ముట్టవద్దని నేను ఎవరికీ చెప్పను. పాకం సరిగ్గా కుదిరి, మూకుడులోంచి తీసి అరిసెల చెక్కల మధ్య నొక్కి, నువ్వుల వాసనతో వేడిగా చేతికి వచ్చిన అరిసె ఏడాదికి ఒకసారి దొరికేది. దాన్ని కూర్చుని, పిల్లలతో కలిసి, తృప్తిగా తినండి. హైదరాబాద్ వచ్చాక డబ్బాలోది మాత్రం మొదటి రెండు రోజుల్లోనే పంచేయండి. మీ ఆఫీసులో, అపార్టుమెంటులో పక్కవాళ్లకు, పనిమనిషికి, కాపలాదారు కుటుంబానికి. పశ్చిమ గోదావరి అరిసెలంటే వద్దనేవాళ్లు ఉండరు. పిల్లల కోసం కొన్ని ఉంచుకుంటే అవి పై అరలో, చిన్న డబ్బాలో ఉండాలి.

ఈ లెక్కను పరిశోధనలూ బలపరుస్తున్నాయి. 2000లో న్యూ ఇంగ్లాండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన ఒక అధ్యయనంలో అమెరికాలో 195 మంది పెద్దవాళ్లను పండగల కాలానికి ముందూ తర్వాతా తూచారు. అక్కడ నవంబరు నుంచి జనవరి దాకా పండగలు. సగటున పెరిగింది 0.37 కిలోలే. తాము అంతకంటే ఎంతో ఎక్కువ పెరిగామని వాళ్లు అనుకున్నారు, త్రాసు అలా చెప్పలేదు. అయితే అదే అధ్యయనంలో ఆందోళన కలిగించే సంగతి ఒకటుంది. ఆ కొద్దిపాటి బరువు తర్వాతి నెలల్లో తగ్గలేదు. ఏడాదికి ఇంత చొప్పున పదేళ్లు నిలిచిపోతే ఏమవుతుందో మీరే ఊహించవచ్చు. 2016లో అదే పత్రికలో అమెరికా, జర్మనీ, జపాన్ దేశాల వాళ్ల బరువుల లెక్క వచ్చింది. మూడు చోట్లా క్రిస్మస్ తర్వాత బరువు పెరిగింది. జపాన్‌లో దానికి తోడు ఏప్రిల్ చివర, మే మొదట్లో వచ్చే వాళ్ల సెలవుల వారం తర్వాత కూడా పెరిగింది. ఏ ఊరికి ఏ పండగ ఉందో అక్కడ ఆ పండగకు పెరుగుతుంది. మనకు దసరా, దీపావళి, సంక్రాంతి. ఇది మన ఒక్కరి బలహీనత కాదు, మనుషులంతా కలిసి తినే కాలంలో జరిగే మామూలు విషయం. అది నిలిచిపోకుండా చూసుకోవడమే మన పని.

సరే, ఆ తొమ్మిది రోజులూ ఏం చేయాలి?

ఒక్కటి పట్టుకోండి. రోజూ తప్పకుండా చేసేది ఒక్కటే, అదీ పది నిమిషాలది. ఎప్పుడు చేయాలో గడియారంతో ముడిపెట్టకండి, పండగ ఇంట్లో గడియారం మన మాట వినదు. పళ్లు తోముకోవడంతో ముడిపెట్టండి. ఏ ఇంట్లోనైనా, ఎంత హడావిడిలోనైనా పళ్లు తోముకోకుండా ఉండరు కదా. తోముకుని మొహం తుడుచుకున్న వెంటనే, కాఫీకి ముందు, డాబా మీదకో పెరట్లోకో వెళ్లి పది నిమిషాలు. భోగి నాడు నాలుగింటికే లేపితే మంట దగ్గరకు వెళ్లే ముందు కుదరకపోవచ్చు, ఆ రోజుకు రెండు నిమిషాలు చేసినా చాలు. ఎంత చేశారన్నది ఆ తొమ్మిది రోజుల్లో ముఖ్యం కాదు. చేసే మనిషిగా మిగిలి ఉండటం ముఖ్యం.

ఈ పది నిమిషాల్లో మూడు రోజులు మాత్రం కాస్త గట్టిగా చేయండి. ఎందుకంటే కండబలం నిలబడటానికి ఎక్కువ పని అక్కరలేదు, కానీ ఉన్న కాస్త పనీ తేలికగా ఉండకూడదు. 1980లలో అమెరికాలో కొన్ని ప్రయోగాలు జరిగాయి. వారానికి ఆరు రోజులు సాధన చేసి గుండె, ఊపిరితిత్తుల సామర్థ్యం పెంచుకున్నవాళ్లను తర్వాత వారానికి రెండు రోజులకు తగ్గించినా, పదిహేను వారాల దాకా సామర్థ్యం నిలిచింది. చేసే సమయాన్ని తగ్గించినా నిలిచింది. తీవ్రత తగ్గించినప్పుడు మాత్రం పడిపోయింది. కండబలమైతే రెండు మూడు వారాలు పూర్తిగా మానేసినా పెద్దగా తగ్గదు. కాబట్టి తొమ్మిది రోజుల్లో మూడుసార్లు గట్టిగా చేస్తే మీరు కోల్పోయేది ఏమీ ఉండదు. దీన్ని నమ్మండి.

డంబెల్స్ మోసుకుని వెళ్లనక్కరలేదు. బస్కీలు చేయండి. తేలికగా అనిపిస్తే కిందికి దిగేటప్పుడు ఐదు అంకెలు లెక్కపెడుతూ నెమ్మదిగా దిగండి, కింద ఒక క్షణం ఆగండి. అప్పుడు పన్నెండు చేసేసరికి తొడలు వేడెక్కుతాయి. పందిరిమంచం అంచు మీదో, పెరటి గట్టు మీదో చేతులు ఆనించి దండాలు తీయండి. మంచం అయితే గోడకు ఆనుకుని జరగకుండా ఉందో లేదో చూసుకోండి. లాగే వ్యాయామానికి బకెట్టు ఉంది. పది లీటర్ల నీళ్లంటే పది కిలోలు. ఒక చేత్తో బల్ల పట్టుకుని ముందుకు వంగి, నడుము నిటారుగా ఉంచి, రెండో చేత్తో బకెట్టును పొట్ట వైపు లాగండి. మీరు ఇప్పుడు ఎత్తుతున్నది ఏడున్నర కిలోలు కాబట్టి ముప్పావు బకెట్టుతో మొదలుపెట్టండి. చివరగా వెల్లకిలా పడుకుని మోకాళ్లు మడిచి నడుము పైకెత్తడం. ఈ నాలుగూ రెండేసి విడతలు. ఒక్కో విడత చివర ఇంకో రెండు మూడు మాత్రమే చేయగలను అనిపించే దాకా రావాలి, అంతకు ముందే ఆపేస్తే అది ఒళ్లు విరుచుకోవడం మాత్రమే అవుతుంది.

ఇక్కడ ఒక మాట ప్రత్యేకంగా చెప్పాలి, మగవాళ్లకు రాసే సలహాల్లో ఇది కనిపించదు. పండగకు ఊరు వెళ్లిన కోడలికి సెలవు ఉండదు. పొద్దున కల్లాపి, ముగ్గు, గొబ్బెమ్మలు, ఆపైన ఇరవై మందికి వంట, వడ్డన, మళ్లీ సాయంత్రం టిఫిన్లు. రోజంతా నిలబడే ఉంటారు. "ఇంత పని చేశాక మళ్లీ వ్యాయామం ఎందుకు" అని మీ తోటికోడలు అడగవచ్చు, మీకే అనిపించవచ్చు. ఒళ్లు అలిసిపోవడం వేరు, ఒళ్లు బలపడటం వేరు. పొయ్యి దగ్గర ఐదు గంటలు నిలబడితే పాదాలు, నడుము నొప్పి పుడతాయి, తొడల్లో బలం మాత్రం పెరగదు. అలాగని ఆ అలసటను లెక్కచేయకుండా ఉండమనీ నేను అనను. బాగా అలిసిన రోజు గట్టి వ్యాయామం వద్దు, నడుము సాగదీసుకుని రెండు నిమిషాలతో ముగించండి. మధ్యాహ్నం అరగంట పడుకునే వీలుంటే నడక కంటే ముందు నిద్రే ఎంచుకోండి. నిద్ర తక్కువైన మర్నాడు తీపి మీదకు మనసు పోవడం మీరూ గమనించే ఉంటారు.

తిండి విషయంలో కోడళ్లకు ఇంకో చిక్కు ఉంది. మగవాళ్లు, పిల్లలు మొదటి పంక్తి. పెద్దవాళ్లు, చుట్టాలు రెండో పంక్తి. వడ్డించిన ఆడవాళ్లు కూర్చునేసరికి మూడు గంటలు. అప్పటి దాకా పొద్దున తాగిన కాఫీ, వేయిస్తూ వేయిస్తూ నోట్లో వేసుకున్న గారె ముక్కలు, జంతిక విరుగులు. ఆకలి మండిపోతూ ఆకు ముందు కూర్చున్నప్పుడు ఎవరికీ అదుపు ఉండదు, ఉండాలని అనుకోవడం అన్యాయం. అందుకే తొమ్మిది లోపు కడుపుకు సరైనది పడాలి. రెండు కోడిగుడ్లు, లేదా రెండు పెసరట్లు. ఎవరూ లేచి చేసిపెట్టరు, మీరే చేసుకోవాలి, అందరికీ చేస్తే ఇంకా మంచిది. నా దగ్గరకు వచ్చే ఒక టీచరమ్మ ఈ ఒక్క మార్పుతో నిరుటి సంక్రాంతి దాటారు. మిగిలినవేవీ ఆవిడ మార్చలేదు.

ఆకులో ఏముందో కూడా చూడండి. పండగ భోజనం అంటే భయపడతాం కానీ అందులో మంచి సరుకు చాలా ఉంటుంది. ముద్దపప్పు, గుమ్మడికాయ దప్పళం, వంకాయ కూర, చిక్కుడుకాయ, పెరుగు. జాతీయ పోషకాహార సంస్థ, అదే మన తార్నాకలో ఉన్నది, 2024లో విడుదల చేసిన మార్గదర్శకాల్లో పళ్లెంలో సగం కూరగాయలు, పండ్లు ఉండాలని చెప్పింది. సంక్రాంతి ఆకులో ఆ సగం నింపడానికి కావలసినవన్నీ ఉన్నాయి, పులిహోర, బొబ్బట్టు ముందు తింటాం కాబట్టి వాటి దాకా చేరం. వరస మార్చండి చాలు. కూర, పప్పు, దప్పళం ముందు. తీపి చివర, ఆకలి తీరాక, రుచి కోసం. కనుమ నాడు మినుము తినాలంటారు, గారెలు లేకుండా కుదరదు. రెండు గారెలు తీసుకుని నాటుకోడి ముక్కలు ఎక్కువ వేయించుకోండి. మీరు కండ కాపాడుకోవాలనుకుంటున్నారు, కోడికూర మీ వైపే ఉంది.

"ఇంకొక్కటి వేసుకో" అనే పెద్దవాళ్ల గురించి మీరు కోపంగా రాశారు. ఆ కోపం నాకు అర్థమవుతుంది. కానీ మీ అత్తగారు వారం రోజులుగా బియ్యం నానబెట్టి, పిండి కొట్టించి, పొయ్యి సెగకు కూర్చుని చేసింది మీరు వస్తారనే. ఆవిడకు కావలసింది మీ పొట్ట నిండటం కంటే, చేసిందాన్ని మీరు గుర్తించడం. "డైటింగ్‌లో ఉన్నాను అత్తయ్యగారూ" అన్న మాట ఆవిడకు తిరస్కారంలా వినిపిస్తుంది. అదే, మొదట్లోనే ఒకటి మీ అంతట మీరు అడిగి తీసుకుని, ఆవిడ ఎదుట కూర్చుని నెమ్మదిగా తిని, "ఈసారి పాకం భలే కుదిరింది, ఏ బెల్లం వాడారు?" అని అడగండి. పక్కన కూర్చుని చేయడం నేర్చుకోండి. అడిగి తిన్నవాళ్లను బలవంతపెట్టరు, మొహమాటపడేవాళ్లనే బలవంతపెడతారు. ఆకు ఖాళీగా కనిపించకుండా చివర్లో కాస్త పెరుగన్నం ఉంచుకోవడం కూడా పనికొస్తుంది.

నడక గురించి. పొద్దున నడకే కావాలని పట్టుబట్టకండి. జనవరిలో డెల్టా పల్లెల్లో ఏడు దాటినా పొగమంచు విడవదు, కాలువ గట్టు రోడ్ల మీద ఎదురుగా వచ్చే బండి కనిపించదు. మధ్యాహ్న భోజనం అయిన అరగంటకు, మళ్లీ రాత్రి భోజనం తర్వాత, పదిహేనేసి నిమిషాలు నడవండి. తిన్న తర్వాత నడిచినప్పుడు కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి, అందువల్ల భోజనం తర్వాత చక్కెర ఎగబాకడం తగ్గుతుంది. పండగ భోజనాలకు ఇంతకంటే తగిన నడక లేదు. వారానికి 150 నిమిషాలు తగ్గకుండా ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. రెండు పూటలా పదిహేనేసి నిమిషాలైతే ఐదు రోజుల్లోనే అది పూర్తవుతుంది. పిల్లలను వెంట తీసుకెళ్లండి, పొలం చూపించండి.

నడకను తిన్నదానికి జరిమానాగా మాత్రం చేయకండి. ఒక అరిసెకు ముప్పావు గంట నడవాలని లెక్క కట్టుకుని నడిచేవాళ్లకు కొన్నాళ్లకు అరిసె మీదా ఇష్టం పోతుంది, నడక మీదా పోతుంది.

ఇప్పుడు అసలైన రోజుకు వస్తాను. 18న, ఆదివారమైనా మరే వారమైనా, రాత్రికి ఇల్లు చేరతారు. 19 పొద్దున ఏం చేస్తారో ఊరు వెళ్లకముందే నిర్ణయమైపోవాలి. వ్యాయామపు బట్టలు, బూట్లు, నీళ్ల సీసా ఇప్పుడే గుమ్మం దగ్గర ఒక సంచిలో పెట్టి వెళ్లండి. రోజూ మీతో నడిచే పొరుగావిడకు "19న ఆరున్నరకు కింద కలుద్దాం" అని ముందే చెప్పి ఉంచండి. సామాను సర్దకపోయినా, బట్టలు ఉతకకపోయినా, ప్రయాణపు అలసట తీరకపోయినా ఆ రోజు బయటికి రావాలి. ఇరవై నిమిషాలు నడిచి వెనక్కి వచ్చేయండి. డంబెల్స్ మర్నాడు పట్టుకోవచ్చు. మొదటి వారం మూడు విడతల బదులు రెండు విడతలు చేయండి, బరువు కాస్త తగ్గించి మొదలుపెట్టండి. పోయినదంతా ఒక్కరోజులో రాబట్టాలని గంటన్నర చేసి, ఒళ్లు నొప్పులతో నాలుగు రోజులు మంచం దిగని వాళ్లు ప్రతి జనవరిలో నాకు కనిపిస్తారు.

త్రాసు ఎక్కడానికి 22 దాకా ఆగండి. పిండివంటలు, అన్నం ఎక్కువ తిన్నప్పుడు ఆ పిండి పదార్థం కొంత గ్లైకోజెన్ రూపంలో కండరాల్లో, కాలేయంలో చేరుతుంది. ఒక్కో గ్రాము గ్లైకోజెన్ తనతోపాటు సుమారు మూడు గ్రాముల నీటిని పట్టి ఉంచుతుంది. దీనికి ఊరగాయల ఉప్పు తోడవుతుంది. అందువల్ల దిగిన రోజున రెండు కిలోలు పెరిగినట్టు కనిపించినా అందులో ఎక్కువ భాగం నీరే. ఆ అంకె చూసి ఏడ్చి మానేసినవాళ్లను నాకు తెలుసు. నాలుగు రోజులు మామూలు తిండి తింటే నీరు దిగిపోతుంది, అప్పుడు చూసిన అంకెను నమ్మండి. అక్కడి నుంచి వారానికి రెండుసార్లు తూచుకుని ఒక కాగితం మీద రాసుకోండి. 2018లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వచ్చిన బర్మింగ్‌హామ్ ప్రయోగంలో క్రిస్మస్ కాలంలో 272 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు వారానికి కనీసం రెండుసార్లు తూచుకోమని, తిండి విషయంలో కొన్ని చిన్న జాగ్రత్తలు పాటించమని చెప్పి, ఏ పదార్థానికి ఎంత వ్యాయామం అవసరమో పట్టిక ఇచ్చారు. చివరికి రెండు జట్లకూ మధ్య తేడా దాదాపు అర కిలో వచ్చింది. పట్టిక మీకు అక్కరలేదు, తూచుకోవడం మాత్రం తీసుకోండి.

మీ మామగారి సంగతి చివరికి ఉంచాను, ఎందుకంటే అది నాకు బాగా నచ్చింది. తప్పకుండా తీసుకెళ్లండి. కోడలు ఒంటరిగా నడకకు వెళితే అడిగేవాళ్లుంటారు, మామగారిని నడిపించడానికి వెళితే మెచ్చుకునేవాళ్లుంటారు. ఆయనకూ మేలు. అయితే కొన్ని చూసుకోవాలి. ఆయన వేసుకునే మందులేమిటో ముందు కనుక్కోండి. ఇన్సులిన్ గానీ, గ్లైమిపిరైడ్ లాంటి మాత్రలు గానీ వాడుతుంటే పరగడుపున నడిపించవద్దు, చక్కెర మరీ పడిపోయే ప్రమాదం ఉంది. భోజనం తర్వాతి నడకే ఆయనకు సరైనది. ఎంత దూరం నడవవచ్చో ఆయన డాక్టర్‌ను ఫోనులోనైనా ఒకసారి అడగండి, గుండె జబ్బు ఉంటే తప్పనిసరిగా అడగాలి. పండగకు ఎక్కువ తింటున్నారని మాత్ర ఇంకొకటి వేయడం, తక్కువ తిన్నారని మానేయడం ఇంట్లోవాళ్లు సొంతంగా చేయకూడదు. "బెల్లమే కదా, పంచదార కాదు కదా" అని ఆయనకు అరిసెలు పెడుతుంటారు. చక్కెర పెంచడంలో బెల్లానికీ పంచదారకూ చెప్పుకోదగ్గ తేడా లేదు, ఈ మాట అత్తగారికి మెల్లగా చెప్పండి. నడిచేటప్పుడు మీ సంచిలో నాలుగు చెంచాల పంచదార పొట్లం ఉంచుకోండి. చెమటలు, వణుకు, తల తేలిపోవడం కనిపిస్తే వెంటనే కూర్చోబెట్టి అది నీళ్లలో కలిపి తాగించండి. స్పృహ సరిగ్గా లేకపోతే మాత్రం నోట్లో ఏమీ పోయకుండా ఆసుపత్రికి తీసుకెళ్లాలి. హవాయి చెప్పులతో కాకుండా పాదం మొత్తం కప్పే బూట్లతో నడిపించండి, ఇంటికి వచ్చాక పాదాల కింద పుండు, పొక్కు, గీత ఏమైనా ఉన్నాయేమో రోజూ మీరే ఒకసారి చూడండి. స్పర్శ తగ్గిన కాళ్లకు ముల్లు గుచ్చుకున్నా తెలియదు.